విడాకులైన జంట మళ్ళీ ఎదురుపడితే: 1931 నాటి 'ప్రైవేట్ లైవ్స్' గురించి

మీరు అడిగినదాన్ని కుదించి చెప్పుకుంటే ఇదీ సంగతి. హాలీవుడ్ స్టూడియో ఎంజీఎం వాళ్ళు 1931లో తీసిన 'ప్రైవేట్ లైవ్స్' చూశారు. మొదట్లో బాగా నవ్వుకున్నారు, సగానికి వచ్చేసరికి విసుగొచ్చింది. నాటకాన్ని తెచ్చి కెమెరా ముందు పెట్టినట్టున్న ఈ సినిమాని ఎందుకంత పొగుడుతారు? ఒకరినొకరు కొట్టుకునే జంట కథ రొమాంటిక్ కామెడీ ఎలా అవుతుంది? అసలు హాలీవుడ్‌కి ఈ విడాకుల జంటల మీద అంత మోజెందుకు? ఈ మూడూ మీ ప్రశ్నలు.

నేను చాలా ఏళ్ళు సౌండ్ మిక్సింగ్‌లో పనిచేశాను, పాత టాకీలంటే పిచ్చి కూడా ఉంది. కాబట్టి నా జవాబు చెవి నుంచే మొదలవుతుంది. నా ఉద్దేశంలో విడిపోయిన మొగుడూ పెళ్ళాలు మళ్ళీ తారసపడే కథ అప్పుడప్పుడే మాటలు వచ్చిన సినిమాకి భలేగా కుదిరింది. తొలిచూపు ప్రేమకి మాటలక్కర్లేదు, మూకీ సినిమా దాన్ని కళ్ళతోనే అద్భుతంగా చూపించింది. పాత తగువుకి మాత్రం మాట కావాలి. మాటకి మాట అంటించడం, ఎదుటివాళ్ళ నోట్లోంచి మాట లాక్కోవడం, పైకి ఒకటి అంటూ లోపల ఇంకోటి అనుకోవడం, ఇవన్నీ టైటిల్ కార్డుల మీద రాసి చూపిస్తే చప్పబడిపోతాయి. ఈ సినిమాని ఆ కోణంలోంచి వింటే మీ విసుగు సగమైనా తగ్గుతుందని నా నమ్మకం. మిగతా సగం న్యాయమైన విసుగే, దాని సంగతి తర్వాత చెప్తాను.

సినిమా చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. ఎలియట్, అమాండా మూడేళ్ళు కాపురం చేసి, కొట్టుకుని తిట్టుకుని విడాకులు తీసుకున్నారు. ఐదేళ్ళ తర్వాత ఎలియట్ సిబిల్ అనే అమాయకపు పిల్లని, అమాండా విక్టర్ అనే పెద్దమనిషిని పెళ్ళాడతారు. రెండు జంటలూ హనీమూన్‌కి ఫ్రాన్సులో ఒకే హోటల్లో, పక్కపక్క గదుల్లో దిగుతారు. గదుల బాల్కనీలు రెండూ ఆనుకునే ఉంటాయి. పాత జంట ఒకరినొకరు చూసుకుంటుంది. హడలిపోతారు, ఎవరి కొత్త భాగస్వామిని వాళ్ళు "ఇప్పుడే ఇక్కణ్ణుంచి వెళ్ళిపోదాం" అని బతిమాలతారు, వాళ్ళు ససేమిరా అంటారు. చివరికి పాత జంటే కొత్తవాళ్ళిద్దర్నీ వదిలేసి లేచిపోతుంది. లేచిపోయాక కొన్నాళ్ళు స్వర్గం, ఆ తర్వాత మళ్ళీ పాత కథే, గ్రామఫోను రికార్డు నెత్తిన పగిలేదాకా.

దీనికి మూలం ఇంగ్లిష్ నాటకకర్త నోయల్ కవర్డ్ రాసిన ఇదే పేరు నాటకం. ఆసియా ప్రయాణంలో ఉండగా టోక్యోలో ఆయనకి ఈ ఊహ తట్టింది. షాంఘైలో ఫ్లూ జ్వరంతో హోటల్ గదిలో పడుకుని ఉన్నప్పుడు నాలుగు రోజుల్లో రాసేశాడు. 1930 ఆగస్టులో ఎడిన్‌బరోలో మొదటి ప్రదర్శన, సెప్టెంబరు 24న లండన్‌లో కొత్తగా కట్టిన ఫీనిక్స్ థియేటర్ దాంతోనే తెరుచుకుంది. ఎలియట్‌గా కవర్డే వేశాడు, అమాండాగా గెర్‌ట్రూడ్ లారెన్స్. బెల్లం కొట్టిన రాయిలా నిలబడే విక్టర్ పాత్రలో అప్పటికి ఇంకా పేరు రాని లారెన్స్ ఒలీవియే! అంతటి నటుణ్ణి అంత చప్పటి పాత్రలో వేయించడం కూడా లెక్క ప్రకారం చేసిన పనే. అవతల ఉన్నది మామూలు మొద్దబ్బాయి అయితే అమాండా అతన్ని పెళ్ళాడిందంటే ఎవరూ నమ్మరు. చూడ్డానికి బాగుండాలి, మాట్లాడితే మాత్రం ఆవలింత రావాలి.

అప్పట్లో లండన్‌లో ఏ నాటకం ఆడాలన్నా నాటకాలని సెన్సార్ చేసే రాజదర్బారు అధికారి లార్డ్ చాంబర్లేన్ కార్యాలయం అనుమతి కావాలి. రెండో అంకం వాళ్ళని కంగారు పెట్టింది. చట్టప్రకారం వేరేవాళ్ళని పెళ్ళాడిన ఇద్దరు పైజమాల్లో సోఫా మీద సరసాలాడటమేమిటి అని. కవర్డ్ స్వయంగా వెళ్ళి, నాటకమంతా నటిస్తూ చదివి వినిపించి ఒప్పించుకొచ్చాడు. కాగితం మీద అసభ్యంగా కనిపించింది గొంతులో పెట్టి వినిపిస్తే సరదాగా తేలిపోయిందన్నమాట. ఈ నాటకం బలమంతా రాతలో కన్నా పలకడంలోనే ఎక్కువ ఉంది.

1931 జనవరిలో నాటకం న్యూయార్క్ చేరింది, అదే ఏడాది డిసెంబరులో సినిమా వచ్చేసింది. ఇంత తొందరెందుకో అర్థం కావాలంటే అప్పటి స్టూడియోల పరిస్థితి చూడాలి. 1927 అక్టోబరులో 'ది జాజ్ సింగర్' వచ్చాక రెండు మూడేళ్ళలో హాలీవుడ్ మొత్తం మాటల్లోకి మారిపోయింది. మూకీలకి కథలు రాసినవాళ్ళలో చాలామందికి సంభాషణ రాయడం తెలీదు. తెలిసినవాళ్ళు న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో ఉన్నారు. దాంతో స్టూడియోలు నాటకాల మీద పడ్డాయి. జనం ముందు ఆడి, ఎక్కడ నవ్వుతారో తేలిపోయిన సంభాషణ రెడీమేడ్‌గా దొరుకుతుంటే ఎవరు వద్దంటారు?

మన దగ్గరా జరిగింది అదే. తెలుగులో మొదటి పూర్తి టాకీ 'భక్త ప్రహ్లాద' ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం నుంచి వచ్చింది, అందులో లీలావతి వేసింది సురభి కమలాబాయి. దాని దర్శకుడు హెచ్.ఎం. రెడ్డిగారికి కూడా మాటా పాటా సిద్ధంగా ఉన్న సరుకు, దాన్ని గుక్కతిప్పుకోకుండా పలకగలిగే నటులు కావాల్సి వచ్చింది. మన టాకీ పద్యంతో మొదలైంది, వాళ్ళది సూటిపోటి మాటలతో మొదలైంది. ఇద్దరికీ అప్పు ఇచ్చింది మాత్రం రంగస్థలమే. కాబట్టి "నాటకంలా ఉంది" అన్న మీ మాట నిజమే గానీ, ఆ కాలానికి అది తప్పు కాదు, అప్పటి మామూలు.

ఇక ధ్వని. తొలి టాకీల్లో కెమెరా చప్పుడు మైకులో పడకుండా కెమెరానీ కెమెరామన్‌నీ కలిపి ఒక గదిలాంటి పెట్టెలో బిగించేవాళ్ళు. లోపల ఊపిరాడేది కాదు. కెమెరా కదలదు, నటుడు మైకుకి దూరంగా వెళ్ళలేడు, పూలకుండీలో దాచిన మైకు వైపు ఒంగి మాట్లాడటం తప్పేది కాదు. 1928, 29 నాటి సినిమాలు కొన్ని చూస్తే ఆ బిగుసుకుపోవడం తెలుస్తుంది. ఒకరు మాట్లాడతారు, ఆగుతారు, తర్వాత ఇంకొకరు మాట్లాడతారు, బడిలో పాఠం అప్పజెప్పినట్టు. 1931కి వచ్చేసరికి కెమెరాకే ధ్వని బయటికి రాని తొడుగు వేశారు, మైకుని బూమ్‌కి, అంటే పొడవాటి కర్రకి, వేలాడదీసి నటుడి వెంట తిప్పారు, రికార్డింగులో 'సుయ్'మనే చప్పుడు తగ్గించే పద్ధతులు కూడా అప్పుడే వచ్చాయి. ఇద్దరు నటులు వేగంగా, ఒకరి మాట మీద ఒకరు పడుతూ మాట్లాడినా మాట అర్థమయ్యే స్థితి అప్పుడే వచ్చిందన్నమాట. రెండేళ్ళ ముందు ఇదే సినిమా తీసుంటే చచ్చిపోయి ఉండేది.

ఎంజీఎంలో ఈ విషయంలో ఒక ఇంటి సంగతి కూడా ఉంది. అమాండాగా వేసిన నోర్మా షీరర్ భర్త ఇర్వింగ్ థాల్‌బర్గ్, స్టూడియో నిర్మాణ వ్యవహారాలన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. ఆమె అన్న డగ్లస్ షీరర్ సౌండ్ డిపార్ట్‌మెంట్ అధిపతి. 1930 నవంబరులో జరిగిన ఆస్కార్ వేడుకలో చెల్లెలికి 'ది డైవోర్సీ' సినిమాకి ఉత్తమ నటి, అన్న విభాగానికి 'ది బిగ్ హౌస్' సినిమాకి ధ్వని ముద్రణ అవార్డూ వచ్చాయి. బంధుప్రీతి అని ఆడిపోసుకున్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు. ఆ అన్నకి పని వచ్చు, నా మాట నమ్మండి.

మీకు "ఏదో వెలితిగా ఉంది" అనిపించిన ఇంకో విషయానికి కారణం చెప్పనా? సినిమాలో ఆర్‌ఆర్, అంటే నేపథ్య సంగీతం, లేదు. మాటల కింద సన్నగా సాగే బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ మనకెంత అలవాటంటే, అది లేకపోతే సినిమా ప్రాణం లేనట్టుంటుంది. అప్పట్లో మాటనీ సంగీతాన్నీ వేర్వేరుగా రికార్డు చేసి తర్వాత కలిపితే నాణ్యత బాగా పడిపోయేది. పైగా తెర మీద వాయిద్యాలు కనిపించకుండా సంగీతం వినిపిస్తే జనం "ఇదెక్కణ్ణుంచి వస్తోంది?" అనుకుంటారని స్టూడియోలకి భయం. అందుకే 1930, 31 నాటి సినిమాల్లో మాటకీ మాటకీ మధ్య నిశ్శబ్దమే ఉంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి, ఆ నిశ్శబ్దంలో బట్టల చప్పుడు, గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు కూడా వినిపిస్తాయి.

ఈ ఇబ్బందినే ఈ కథ లాభంగా మార్చుకుంది. బాల్కనీ సీనులో సంగీతం కింద హోటల్ ఆర్కెస్ట్రా నుంచి వస్తుంది. ఆ పాట వాళ్ళిద్దరి పాత పాట. పక్కపక్క బాల్కనీల్లో ఉన్నవాళ్ళకి ఒకరినొకరు చూడటానికి ముందే చెవిన పడేది అదే. చవకబారు పాటలకి ఎంత బలముందో అని అమాండా ఆశ్చర్యపోయే మాట ఈ నాటకంలో చాలామంది గుర్తుపెట్టుకున్నది. మూకీలో ఈ సీను తీయాలంటే హాల్లో కూర్చున్న పియానో వాయిద్యగాడి దయ మీద ఆధారపడాలి. ఇక్కడ పాట కథలోని మనుషుల చెవుల్లో పడుతోంది, మన చెవుల్లోనూ ఒకేసారి పడుతోంది.

ఆ సీను ఇంకొంచెం విప్పి చూద్దాం, నా లెక్కలో మొత్తం విషయమంతా అక్కడే ఉంది. ముందు సిబిల్ వచ్చి ఎలియట్‌ని పాత పెళ్ళాం గురించి ఆరాలు తీస్తుంది. ఆమె లోపలికి వెళ్ళాక పక్క బాల్కనీలోకి విక్టర్ వచ్చి అమాండాని పాత మొగుడి గురించి దాదాపు అవే ఆరాలు తీస్తాడు. ప్రశ్నలూ అవే, తప్పించుకునే జవాబులూ అవే. ఈ ఇద్దరూ ఒకే అచ్చులో పోసిన మనుషులని, వాళ్ళ పక్కనున్న ఇద్దరూ ఇంకో అచ్చని, ఎవరూ చెప్పకుండానే మనకి తెలిసిపోతుంది. తర్వాత పాత జంట ఎదురుపడుతుంది. అప్పుడు వాళ్ళు మాట్లాడుకునేది ఏమిటి? ప్రేమా కాదు, పశ్చాత్తాపమూ కాదు. నీ కొత్త ఆవిడ ఎక్కడ పరిచయమైంది? నార్‌ఫక్‌లో ఓ విందులో. ఇంగ్లండ్‌లోని ఆ నార్‌ఫక్ అంతా చదునుగా ఉంటుంది, ఎత్తూ పల్లం లేని ప్రాంతం. ఈ మాట అన్నది ఆ ప్రాంతం గురించి, తగిలింది మాత్రం సిబిల్‌కి.

నాటకంలో ఆ తర్వాత అమాండా, ఎలియట్ చేసిన ప్రపంచయాత్ర గురించి అడుగుతుంది. చైనా ఎలా ఉంది, జపాన్ ఎలా ఉంది, ఇండియా ఎలా ఉంది, తాజ్‌మహల్ ఎలా ఉంది? కలలా ఉందంటాడు. వెన్నెల వల్ల అయ్యుంటుందిలే అంటుంది. బిస్కెట్ డబ్బాలా అయితే లేదు కదా, నాకెప్పుడూ అలాగే ఉంటుందేమోనని అనుమానం అంటుంది. మన తాజ్‌మహల్ పాపం వాళ్ళ మొహమాటానికి అడ్డుగా నిలబడింది. వాళ్ళు అనుకుంటున్న అసలు మాట "నువ్వు లేకుండా ఇవన్నీ ఎలా తిరిగావు?" అన్నదే. పైకి యాత్రావిశేషాలు, లోపల ఐదేళ్ళ బెంగ. ఇది కళ్ళతో చెప్పలేం, టైటిల్ కార్డు మీద రాయలేం. ఇద్దరి గొంతులూ వినబడాలి, ఆ గొంతులు మాటకి కొంచెం పక్కగా నడవాలి.

అందుకే విడాకులైన జంట కథ రచయితకి వరం. కొత్త ప్రేమికులైతే ఒకరి గురించి ఒకరు చెప్పుకోవాలి, మనకీ చెప్పాలి, సగం సినిమా పరిచయాలకే పోతుంది. వీళ్ళకి అదేం లేదు. ఒకరి లోపాలు ఇంకొకరికి కంఠతా వచ్చు. ఏ మాట అంటే మంట పుడుతుందో ఇద్దరికీ తెలుసు, అనకూడదనీ తెలుసు, అంటారు. నాటకంలో వాళ్ళు ఒక ఒప్పందం చేసుకుంటారు. తగువు ముదురుతుంటే ఎవరో ఒకరు ఒక గుర్తు మాట అనాలి, వెంటనే ఇద్దరూ నోరు మూసుకుని కొంతసేపు ఊరుకోవాలి. నవ్వొస్తుంది కానీ, పదేళ్ళు కాపురం చేసిన ఎవరినడిగినా ఇలాంటిదేదో ఒకటి తమ ఇంట్లోనూ ఉందని ఒప్పుకుంటారు.

నటుల సంగతికొస్తే, ఈ సినిమాకి ఎలియట్‌గా వేసిన రాబర్ట్ మాంట్‌గొమరీ ప్రాణం. మాటని విసిరేసినట్టు, అది పడిందో లేదో పట్టనట్టు అనడం అతనికి వచ్చు. ఈ రకం సంభాషణని ఒత్తి పలికితే చచ్చిపోతుంది. నోర్మా షీరర్ మూకీల నుంచి వచ్చిన తార, అప్పుడప్పుడు తల ఎగరేయడంలో, చేయి గాల్లో తిప్పడంలో ఆ పాత అలవాటు కనిపిస్తుంది. కానీ కోపం వచ్చినప్పుడు ఆమె బాగుంటుంది, మర్యాదస్తురాలిగా ఉన్నప్పటికన్నా చాలా బాగుంటుంది. న్యూయార్క్‌లో ఆడుతున్న నాటకాన్ని ఎంజీఎం వాళ్ళు ఫిల్ము మీద తీసి ఈ ఇద్దరికీ చూపించారని చెబుతారు. ఇంకో తమాషా ఏమిటంటే, ఇంగ్లిష్‌వాళ్ళ కథలో ప్రధాన జంటలో ఒకరు అమెరికన్, ఒకరు కెనడాలో పుట్టిన మనిషి. సిబిల్‌గా వేసిన ఊనా మెర్కెల్‌ది అమెరికాలోని కెంటకీ. నిజంగా ఇంగ్లండ్‌లో పుట్టిన రెజినాల్డ్ డెన్నీకి దక్కింది ఆ చప్పటి విక్టర్ పాత్ర.

మీ విసుగులో న్యాయమైన సగం ఇదిగో. లేచిపోయిన జంట నాటకంలో ప్యారిస్‌లో అమాండా ఫ్లాట్‌కి వెళ్తుంది. సినిమా వాళ్ళని స్విట్జర్లాండ్ ఆల్ప్స్‌కి తీసుకెళ్ళి, కొండలెక్కించి, జీన్ హెర్షాల్ట్ రూపంలో ఒక గైడ్‌ని కూడా జతచేసింది. మొదట్లో రెండు పెళ్ళిళ్ళనీ చూపించడం కూడా ఇలాంటి తాపత్రయమే. "నాటకం కాదు, సినిమా తీస్తున్నాం" అని నిరూపించుకోవాలన్న ఆరాటం. దర్శకుడు సిడ్నీ ఫ్రాంక్లిన్ మంచి పనివాడే కానీ, ఆ కొండల దగ్గర వేగం చచ్చింది. ఈ ఇద్దరికీ ఆరుబయట పనిలేదు. వాళ్ళని ఒక గదిలో పెట్టి తలుపేస్తేనే కథ మండుతుంది, ఆ గదిలోంచి బయటికి పోలేకపోవడమే హాస్యం. "నాటకంలా ఉంది" అని మీరన్న చోట నాకు సినిమా బాగుంది, "సినిమాలా" మారబోయిన చోటే పడిపోయింది. కొండల్లోని చెక్క ఇంట్లో (చలేట్) మళ్ళీ గదిలోకి వచ్చి తగువు మొదలుపెట్టాక తిరిగి లేచి నిలబడుతుంది.

ఇప్పుడు కొట్టుకోవడం గురించి. ఇది నాకూ ఇబ్బందే, దాన్ని "ఆ కాలం అంతే" అని తోసేయదలుచుకోలేదు. కొందరు ఆడవాళ్ళని గంట కొట్టినట్టు క్రమం తప్పకుండా కొడుతుండాలి అన్న అర్థంలో ఎలియట్ ఒక మాట అంటాడు, నాటకంలో బాగా పేరుపడ్డ మాటల్లో అదీ ఒకటి. ఈనాడు దాన్ని హాల్లో అంటే నవ్వు రాదు, రాకూడదు కూడా. రచయిత పక్షాన చెప్పగలిగింది ఒక్కటే. ఇక్కడ దెబ్బ ఒకవైపు నుంచే పడదు. రికార్డు పగలగొట్టేది అమాండానే, పగిలేది ఎలియట్ నెత్తి మీద. ఆమె భయపడే మనిషి కాదు, అతన్ని వదిలి బతకలేని మనిషీ కాదు. డబ్బూ ఉంది, ఇంకో మొగుడూ ఉన్నాడు. అయినా ఈ సమానత్వం కథలోనే చెల్లుతుంది. నిజమైన ఇళ్ళలో దెబ్బలు ఇలా చెరిసగం పంచుకోబడవని మనందరికీ తెలుసు. నచ్చకపోతే మానేయండి, మిమ్మల్ని అభిరుచి లేనివాళ్ళు అని ఎవరూ అనరు.

కానీ ఒకటి గమనించండి, ఈ కథ వాళ్ళు కలవడాన్ని శుభం కార్డులా చూపించదు. చివర్లో విక్టర్, సిబిల్ కూడా తిట్టుకోవడం మొదలుపెడతారు, ఆ సందడిలో మన జంట పెట్టెలు పట్టుకుని మెల్లగా జారుకుంటుంది. వీళ్ళు రేపు మళ్ళీ కొట్టుకుంటారని మనకి తెలుసు, వాళ్ళకీ తెలుసు. రొమాంటిక్ కామెడీల్లో ఇంత నిక్కచ్చి ముగింపు అరుదు. 1983లో ఎలిజబెత్ టేలర్, రిచర్డ్ బర్టన్ బ్రాడ్‌వేలో ఈ నాటకం వేశారు. ఒకరినొకరు రెండుసార్లు పెళ్ళాడి రెండుసార్లు విడాకులు తీసుకున్న జంట వాళ్ళు! జనం నాటకం కోసం వచ్చారో, వాళ్ళిద్దరి కోసం వచ్చారో వేరే చెప్పక్కర్లేదు.

మూడో ప్రశ్న, హాలీవుడ్‌కి ఈ మోజు ఎందుకని. ఒక కారణం సమాజంలో ఉంది. 1920ల అమెరికాలో విడాకులు పత్రికల నిండా మాట్లాడుకునే విషయం. ఇంగ్లండ్‌లో 1937 చట్టం వచ్చేదాకా ఆచరణలో వ్యభిచారం నిరూపిస్తే తప్ప విడాకులు దొరికేవి కావు. 1923 చట్టంతో ఆ ఒక్క కారణం మీదే భార్య కూడా విడాకులు అడిగే వీలు వచ్చింది. దాంతో విడిపోదామనుకున్న జంటలు, మొగుడు హోటల్లో పరాయి స్త్రీతో కనిపించినట్టు సాక్ష్యం పుట్టించుకునే నాటకాలాడేవి. అలాంటి చట్టం ఉన్న చోట విడాకులు అనే మాటే సగం ప్రహసనం. కవర్డ్ నాటకంలో ఇద్దరూ దీని మీద కూడా ఆడుకుంటారు. క్యాథలిక్కుల లెక్క ప్రకారం విడాకులు చెల్లవు కాబట్టి మనం ఇంకా మొగుడూ పెళ్ళాలమే, ఇందులో పాపం లేదు అంటాడు ఎలియట్. బాగానే ఉంది, కానీ మనం క్యాథలిక్కులం కాదుగా అంటుంది అమాండా.

ఆ సరదా మాటలోనే తర్వాతి పదేళ్ళ హాలీవుడ్ కిటుకు దాగి ఉంది. 1930లో సినిమాలకి నీతి నియమావళి రాసుకున్నారు కానీ దాన్ని గట్టిగా అమలు చేయడం 1934 జులై నుంచి మొదలైంది. ఈ మధ్య నాలుగేళ్ళలో వచ్చినవాటినే ప్రీ-కోడ్ సినిమాలంటారు. 'ప్రైవేట్ లైవ్స్' ఆ సందులో వచ్చింది కాబట్టే వేరేవాళ్ళని పెళ్ళాడిన ఇద్దరు కలిసి ఉండటం, దానికి శిక్ష పడకపోవడం సాధ్యమైంది. 1934 తర్వాత ఇది కుదరదు. అప్పుడు రచయితలు ఏం చేశారంటే, విడాకులు తీసుకున్న జంటనే, లేదా విడాకులు ఇంకా ఖరారు కాని జంటనే పట్టుకున్నారు. పెళ్ళికాని ఇద్దరు అర్ధరాత్రి ఒకే కప్పు కింద ఉంటే సెన్సార్ ఒప్పుకోదు. పాత మొగుడూ పెళ్ళాలైతే జనం మనసులో వాళ్ళింకా మొగుడూ పెళ్ళాలే, సరసం ఎంత చేసినా కుటుంబకథే.

లియో మెక్‌కేరీ 1937లో తీసిన 'ది ఆఫుల్ ట్రూత్' చివరి సీను ఈ కిటుకుకి పరాకాష్ఠ. విడాకుల తీర్పు ఆ రాత్రి పన్నెండింటికి ఖరారవుతుంది. పక్కపక్క గదులు, మధ్యలో సరిగ్గా పడని తలుపు, గాలికి అది తెరుచుకుంటూ ఉంటుంది. గంట కొట్టేదాకా చట్టప్రకారం భార్యాభర్తలే. ఒక్క అసభ్యమైన షాట్ లేదు, అయినా సీను నిండా ఉన్నది ఆ సరసమే! కేరీ గ్రాంట్, ఐరీన్ డన్ ఆ తలుపు దగ్గర చేసిన అల్లరికి మెక్‌కేరీకి ఉత్తమ దర్శకుడి ఆస్కార్ వచ్చింది. ఇలాంటి ఏడు సినిమాల మీద స్టాన్లీ కావెల్ అనే తత్వవేత్త 1981లో ఒక పుస్తకమే రాశాడు, విడిపోయినవాళ్ళు మళ్ళీ పెళ్ళాడే ఈ కామెడీలని ఒక ప్రత్యేక జాతిగా నిలబెట్టింది అదే. 'ప్రైవేట్ లైవ్స్' ఆ ఏడింటిలో లేదు. నాకు సబబుగానే అనిపిస్తుంది. కావెల్ సినిమాల్లో జంట ఒకరినుంచి ఒకరు నేర్చుకుని మారుతుంది, ఎలియట్, అమాండా వీసమెత్తు కూడా మారరు.

మన దగ్గర ఇలాంటి కామెడీ అప్పట్లో ఎందుకు రాలేదని ఎవరైనా అడగొచ్చు కాబట్టి ఒక్క మాట. హిందువులందరికీ వర్తించే విడాకుల చట్టం 1955లో గానీ రాలేదు. పెద్దమనుషుల ముందు తెగతెంపులు చేసుకుని మారుమనువు చేసుకునే ఆచారం చాలా కులాల్లో అంతకు ముందు నుంచే ఉంది. కానీ తొలి టాకీలు పురాణాలూ రంగస్థలం నుంచి వచ్చినవి, ఆ ఇళ్ళ కథలు వాటిలోకి రాలేదు.

ఇక ఏం చూడాలి? 'ప్రైవేట్ లైవ్స్' మళ్ళీ చూడాలనిపిస్తే సబ్‌టైటిల్స్ తీసేసి బాల్కనీ సీనుని ఒక్కసారి కళ్ళు మూసుకుని వినండి, మాటల వేగం అప్పుడు తెలుస్తుంది. తర్వాత 1930 నాటి 'లెట్ అస్ బి గే' చూడండి. మళ్ళీ నోర్మా షీరరే, మళ్ళీ విడాకులే. మొగుడు మోసం చేశాడని విడిపోయిన సాదాసీదా ఇల్లాలు మూడేళ్ళ తర్వాత మెరిసిపోతూ ఒక పెద్దింటి విందుకి వస్తుంది. ఆ ఇంటి ముసలావిడ, తన మనవరాలి వెంట పడుతున్న ఒక మగవాణ్ణి దారి మళ్ళించమని ఈమెని కోరుతుంది. ఆ మగవాడు ఎవరో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ సినిమా చాలా చోట్ల బిగుసుకుని ఉంటుంది, కానీ ముసలావిడగా మేరీ డ్రెస్లర్ కోసం చూడొచ్చు. పైగా రాబర్ట్ లియనార్డ్ తీసిన ఈ సినిమాకీ, పద్దెనిమిది నెలలైనా గడవకముందే వచ్చిన 'ప్రైవేట్ లైవ్స్'కీ మధ్య మాట నడకలో వచ్చిన తేడా చెవికి స్పష్టంగా తెలుస్తుంది.

ఆ తర్వాత 'ది ఆఫుల్ ట్రూత్', దాని తర్వాత 1940లో హోవర్డ్ హాక్స్ తీసిన 'హిజ్ గర్ల్ ఫ్రైడే'. అందులో పత్రికా సంపాదకుడు, అతని మాజీ భార్య అయిన విలేకరి ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడే వేగం ముందు ఎలియట్, అమాండా నెమ్మదిగా కనిపిస్తారు. మూల నాటకంలో ఆ విలేకరి మగవాడు, హాక్స్ అతన్ని మాజీ భార్యగా మార్చేశాడు. ఆ ఒక్క మార్పుతో పత్రికాఫీసు కథ కాస్తా విడాకుల జంట కథ అయిపోయింది. ఇదే వరసలో చూడండి, తిరగేసి చూస్తే మొదటివి మరీ నత్తనడకగా ఉంటాయి. ఇంకోటి, 'ది ఆఫుల్ ట్రూత్'ని ఐనా క్లెయిర్‌తో 1929లోనే ఒకసారి టాకీగా తీశారు. దానికోసం ఇంటర్నెట్ అంతా గాలించి టైమ్ వేస్ట్ చేసుకోకండి, అది పోయిన సినిమాల జాబితాలో ఉంది.